చల్లటి బ్రేకే అసలు పరీక్ష

వేగమైన కార్లకు కొత్త బ్రేక్ ప్యాడ్లు ఏవి వేయించాలి? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రోడ్ల లెక్కలో ఒక సమీక్ష

హైదరాబాద్ నుంచి జనగామ మీదుగా వరంగల్ వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు లైన్లయ్యాక ఈ ప్రాంతంలో కారు నడిపే తీరే మారిపోయింది. అదే కాలంలో కార్లూ మారాయి. 80 హార్స్‌పవర్ ఉంటే గొప్ప అనుకున్న చోట ఇప్పుడు ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్ 150 ఇస్తోంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 పెట్రోల్ అయితే 200. అది కూడా చాలక ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించి ఇంకో ఇరవై ముప్పై పెంచుకునేవాళ్ళు మన దగ్గరా తక్కువేం లేరు.

పరుగు పెరిగింది. ఆగడం మాట మాత్రం మొదటి సెట్టు ప్యాడ్లు అరిగిపోయి కీచుమనేదాకా ఎవరికీ గుర్తురాదు. అప్పుడు మూడు వైపుల నుంచి మూడు సలహాలు వస్తాయి. షోరూం వాళ్ళు కంపెనీ ప్యాడ్లు తప్ప ఇంకేవీ వద్దంటారు. స్పేర్ పార్టుల షాపులో సగం ధరకు మరో డబ్బా తీసి "గదే మాల్ సార్, పేరే వేరు" అంటారు. కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు విదేశీ బ్రాండు ఫొటో చూపించి "ఇవేస్తే కొట్టంగనే ఆగుతది అన్నా" అంటారు. మూడింటిలోనూ కొంత నిజముంది, మూడింటిలోనూ కొంత అమ్మకముంది.

అన్నీ ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఒకటే. మన రోడ్ల మీద తిరిగే వేగమైన కారుకు ప్యాడ్ ఎంత వేడిని తట్టుకుంటుందన్నది రెండో ప్రశ్న. చల్లగా ఉన్నప్పుడు, మొదటి తొక్కుడుకే ఎలా పట్టుకుంటుందన్నది మొదటి ప్రశ్న. బజారులో ప్రచారమంతా రెండోదాని చుట్టూ తిరుగుతుంది. ప్రమాదాలు మాత్రం మొదటిదాని దగ్గర కాచుకుని ఉంటాయి.

వేడి లెక్క

కారు, మనుషులు, సామాను కలిపి 1,500 కిలోలు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దానికుండే గతిశక్తి సుమారు 580 కిలోజౌళ్ళు. 140 వేగంలో అది 1,130 దాటుతుంది. వేగం 40 శాతం పెరిగితే శక్తి దాదాపు రెట్టింపైంది. బ్రేక్ తొక్కినప్పుడు ఈ శక్తి దాదాపు అంతా వేడిగా మారుతుంది. 140 నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడి నాలుగు లీటర్లకు కాస్త తక్కువ నీళ్ళను మరిగే దాకా తీసుకెళ్తుంది.

బ్రేక్ వేయగానే బరువు ముందుకు తూగుతుంది కాబట్టి ఆ వేడిలో దాదాపు 70 శాతం ముందు చక్రాలదే. ఒక్కో ముందు డిస్క్ ఏడు కిలోల పోత ఇనుము అనుకుంటే, 140 నుంచి ఒక్కసారి ఆగినందుకు దాని వేడి 120 డిగ్రీల దాకా పెరుగుతుంది. 100 నుంచి అయితే 60 డిగ్రీల పైచిలుకు. మే నెల ఎండలో డిస్క్ 60 డిగ్రీల దగ్గర మొదలైనా ఆ గట్టి బ్రేక్ తరువాత 180 దగ్గర ఆగుతుంది. పద్ధతిగా తయారైన ఏ ప్యాడ్‌కూ అది లెక్కలోది కాదు.

కష్టం వరుస బ్రేకులతో మొదలవుతుంది. ప్యాడ్‌లోని పదార్థాలన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్ అనే జిగురు. మూడు వందల డిగ్రీలు దాటి పైకి పోయేకొద్దీ అది మాడడం మొదలవుతుంది. మాడినప్పుడు వచ్చే వాయువు ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య పొరలా చేరుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. దీన్నే ఫేడ్ అంటారు. రేసు ప్యాడ్లు పుట్టింది ఈ రోగానికి మందుగా. మరి మన రోడ్ల మీద ఈ రోగం ఎంతమందికి వస్తుంది? జనగామ నుంచి భూపాలపల్లి దాకా చెప్పుకోదగ్గ ఘాట్ రోడ్డు ఒక్కటీ లేదు. ఒక నిమిషంలో నాలుగైదుసార్లు 140 నుంచి 60కి దించే పని రేసు ట్రాక్ మీద ఉంటుంది గానీ రఘునాథపల్లి దగ్గర ఉండదు.

చాలామంది తప్పుగా నమ్మే విషయం ఇంకొకటుంది. గట్టి ప్యాడ్ వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందని. ఏబీఎస్ పనిచేసిందంటే అర్థం, ఉన్న ప్యాడ్లే టైరు పట్టును మించి చక్రాన్ని బిగించగలిగాయని. ఆ తరువాత ఆగే దూరాన్ని తేల్చేది టైరూ రోడ్డూ. పొడి తారు మీద 100 నుంచి ఆగడానికి సుమారు 50 మీటర్లు, తడి రోడ్డు మీద 80 దాకా. అదే 140 నుంచి అయితే పొడి రోడ్డు మీదే 95 మీటర్ల పైన. డ్రైవరు తేరుకునే ఒక్క సెకనులో పోయే 39 మీటర్లు దీనికి అదనం. అరిగిన టైర్లు ఉంచుకుని ప్యాడ్ల మీద పదివేలు పోసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

తోలు ముక్క నుంచి సిరామిక్ దాకా

బ్రేక్‌కు అరిగే పొర ఒకటి వేరుగా ఉండాలన్న ఆలోచన కారు వయసుదే. 1888లో బెర్తా బెంజ్ తన భర్త చేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్తూ, చెక్క బ్రేకులు అరిగిపోతుంటే దారిలో చెప్పులు కుట్టే అతనితో వాటికి తోలు కొట్టించింది. 1897లో ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఈ పొరలనే వ్యాపారంగా మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీ అలా పుట్టింది. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేక్‌కు పేటెంట్ తీసుకున్నా, దాని సత్తా లోకానికి తెలిసింది 1953లో. డన్‌లప్ డిస్క్ బ్రేకులు అమర్చిన జాగ్వార్ సీ-టైప్ ఆ ఏడాది లె మాన్ 24 గంటల రేసు గెలిచింది.

చాలా దశాబ్దాలపాటు ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ నారే ప్రధానం. చవక, వేడికి చలించదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని రుజువయ్యాక ఒక్కో దేశమూ మానేసింది. ఐరోపా సమాఖ్యలో 2005 నుంచి పూర్తి నిషేధం ఉంది. మన దేశంలో ఆస్‌బెస్టాస్ దిగుమతి ఇప్పటికీ ఆగలేదు. కాబట్టి ఊరూ పేరూ లేని చవక ప్యాడ్ డబ్బా మీద 'ఆస్‌బెస్టాస్ రహితం' అన్న మాట ఉందో లేదో చూడడం చాదస్తమేమీ కాదు.

ఇప్పుడు దొరికేవి స్థూలంగా మూడు జాతులు. మొదటిది సేంద్రియ నారలు, సిరామిక్ పొడులు కలిపిన జాతి. డబ్బా మీద 'సిరామిక్' అని రాసుకునేవి ఎక్కువగా ఇవే. శబ్దం తక్కువ, చక్రాల మీద మసి తక్కువ, డిస్క్‌ను తినవు. జపాన్, కొరియా కార్లకు ఫ్యాక్టరీ నుంచి ఎక్కువగా ఇవే వస్తాయి. రెండోది కొద్దిగా ఉక్కు నార కలిపిన లో-మెటాలిక్. ఐరోపా కంపెనీల ఇష్టం ఇది. కాలు పెట్టగానే గట్టిగా పట్టుకుంటుంది, బదులుగా అల్లాయ్ వీల్స్‌ను వారంలో నల్లగా చేస్తుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా యజమానులు 'ముందు చక్రాలే నల్లబడతాయి ఎందుకు' అని అడిగేదానికి జవాబు ఇదే. అది లోపం కాదు, పట్టు కోసం చేసిన ఎంపిక. మూడోది బరువులో మూడోవంతు నుంచి మూడింట రెండొంతుల దాకా లోహం ఉండే సెమీ-మెటాలిక్. వేడికి బాగా నిలబడుతుంది. చల్లగా ఉంటే కొన్ని రకాలు బద్ధకిస్తాయి, కీచుమంటాయి, డిస్క్‌ను అరగదీస్తాయి.

వీటిలో రాగి పాత్ర వేరు. రాగి వేడిని ఎంత తొందరగా పంచేస్తుందో జనగామ పక్కనున్న పెంబర్తి లోహ కళాకారులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ప్యాడ్‌లోనూ అది చేసే పని అదే. అయితే అరిగిన రాగి పొడి వాన నీళ్ళతో వాగుల్లో చేరి చేపలకు హాని చేస్తోందని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ప్యాడ్‌లో రాగి 2021 నుంచి 5 శాతం మించకూడదని, 2025 నుంచి అర శాతం మించకూడదని. దాంతో పెద్ద కంపెనీలన్నీ మిశ్రమాలు మార్చుకున్నాయి. పదేళ్ళ క్రితం ఒకరు మెచ్చుకున్న ప్యాడ్, ఇవాళ అదే పేరుతో కొన్న ప్యాడ్ ఒకటే కాకపోవచ్చు. పాత పొగడ్తలను నమ్మి కొనేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

అంచు మీది రెండక్షరాలు

కొత్త ప్యాడ్ చేతిలోకి తీసుకుని పక్క అంచు చూడండి. చాలా వాటి మీద కంపెనీ గుర్తు, మిశ్రమం నంబరు, చివర రెండు ఇంగ్లిషు అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. ఆ రెండక్షరాలే ప్యాడ్ పట్టుకు కొలత. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో. 'ఈ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35. 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45. 'జీ' అంటే 0.45 నుంచి 0.55. మామూలు కార్లలో ఎక్కువగా కనిపించేది 'ఎఫ్ఎఫ్'.

ఈ కొలతను కొందరు పరీక్ష మార్కుల్లా చదువుతారు, 'జీజీ' కాబట్టి 'ఎఫ్ఎఫ్' కన్నా మంచిదని. అలా చదవకూడదు. ఆ పరీక్ష చేసేది ఒక అంగుళం చదరపు ముక్క మీద, 340 డిగ్రీల చుట్టుపక్కల దాకా మాత్రమే. మీ కారు బరువు, ప్యాడ్లను డిస్క్‌కు అదిమే మీ క్యాలిపర్ దానికి తెలియవు. పైగా 0.36 ఉన్నదీ, 0.44 ఉన్నదీ రెండూ 'ఎఫ్' కిందికే వస్తాయి. మంచి ప్యాడ్‌ను వెతకడానికి ఇది చాలదు గానీ, చెడ్డదాన్ని పక్కన పెట్టడానికి బాగా పనికొస్తుంది. పాతదాని మీద 'ఎఫ్ఎఫ్' ఉండి కొత్తదాని మీద 'ఈఈ' ఉంటే వెనక్కి ఇచ్చేయండి. మొదటి అక్షరం కన్నా రెండోది తక్కువైతే, వేడెక్కితే పట్టు సడలుతుందని తయారీదారే ఒప్పుకున్నట్టు. అక్షరాలే లేకపోతే బేరం అక్కడే ఆపేయాలి.

దీనికన్నా విలువైన గుర్తు ఐరోపా వారి ఆర్ 90. వలయంలో 'ఈ' అక్షరం, పక్కన ఒక నంబరు, తరువాత '90ఆర్' అని ఉంటుంది. ఆ ప్యాడ్ పట్టు ఆ కారు అసలు ప్యాడ్‌కు 15 శాతం అటూ ఇటూ దాటలేదని దాని అర్థం. తక్కువ ఉండకూడదన్నది అందరికీ అర్థమవుతుంది. ఎక్కువా ఉండకూడదన్నదే ఇందులోని తెలివి. కారు ముందు, వెనక బ్రేకుల పొత్తును ఇంజనీర్లు లెక్క కట్టి పెడతారు. ముందు ప్యాడ్లు ఒక్కటే మరీ గట్టివి వేస్తే వెనక బ్రేకులు ఉన్నా లేనట్టే అవుతుంది. వెనక ఒక్కటే గట్టివి వేస్తే తడి రోడ్డు మీద కారు తోక తిప్పే ప్రమాదం ఉంది. మన దేశంలో 150 హార్స్‌పవర్ సెడాన్లు కూడా వెనక డ్రమ్ములతోనే అమ్ముడుపోయాయి. అలాంటి కారుకు ముందు మాత్రమే రేసు ప్యాడ్లు వేయడమంటే ఆ పొత్తును చెడగొట్టడమే.

దుకాణంలో ఉన్నవి

ప్యాడ్ల తయారీలో మన దేశం వెనకబడి లేదు. చెన్నైకి చెందిన రాణే బ్రేక్ లైనింగ్‌కు మన సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలోనే ఫ్యాక్టరీ ఉంది. చెన్నై పాడిలో బ్రేక్స్ ఇండియా, అక్కడే సుందరం బ్రేక్ లైనింగ్స్, ఉత్తరాదిన అలైడ్ నిప్పన్ ఉన్నాయి. ఇటలీ బ్రెంబో పుణెలో తయారుచేస్తోంది. షోరూంలో కంపెనీ డబ్బాలో వచ్చే ప్యాడ్ చాలాసార్లు ఇలాంటి తయారీదారుల దగ్గర చేయించిందే. అందుకే షాపతను "గదే మాల్" అన్నది పూర్తిగా అబద్ధం కాదు.

పూర్తిగా నిజమూ కాదు. ఒకే ఫ్యాక్టరీ కారు కంపెనీకి ఒక మిశ్రమం, బయట అమ్మకానికి ఇంకో మిశ్రమం చేయవచ్చు. తేల్చుకునే దారి సులువే. తీసిన పాత ప్యాడ్ వెనక ఇనుప పలకను బట్టతో తుడిచి, దాని మీది మిశ్రమం నంబరును కొత్తదానితో పోల్చండి. రెండూ కలిస్తే సగం ధరకు అదే సరుకు దొరికినట్టే. కలవకపోతే అది వేరే ప్యాడ్. మంచిదే కావచ్చు, కానీ అదే కాదు.

మూడో వరుసలో విదేశీ బ్రాండ్ల 'ఫాస్ట్ రోడ్' ప్యాడ్లు ఉంటాయి. ఈబీసీ రంగుల పేర్లతో అమ్మేవి, హాక్, ఫెరోడో, పాగిడ్ లాంటివి. వీటిలో ఆర్ 90 ఉన్నవి, చల్లగా కూడా బాగా పట్టేవి ఉన్నాయి. ఇంజన్ శక్తి పెంచుకున్న కారుకు, తరచూ 100 పైన నడిచే బరువైన ఎస్‌యూవీకి ఇవి న్యాయమైన ఎంపిక. నాలుగో వరుస నికార్సైన రేసు ప్యాడ్లు. ఇవి అసలు పనిలోకి దిగేది రెండు వందల డిగ్రీల దగ్గర. మూడు, నాలుగు వరుసల మధ్య గీత ఎక్కడుందో అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పరు. పనిచేసే వేడి ఎంత నుంచి ఎంత వరకు అని అడగండి. 'నుంచి' దగ్గర సున్నానో, ఇరవయ్యో ఉండాలి. 150 అని ఉంటే అది రోడ్డు సరుకు కాదు.

మూడు జిల్లాలు, మూడు రకాల దాడి

2016 అక్టోబర్ 11న ఒకేరోజు జిల్లాలైన ఈ మూడు చోట్లా కారు బ్రేకుల మీద పడే భారం ఒకలాంటిది కాదు.

జనగామది ఒక్క బ్రేకు సమస్య. 163 మీద ఆలేరు దాటాక కాలు బ్రేక్ మీద పెట్టకుండా పది పదిహేను నిమిషాలు నడపొచ్చు. నాలుగు లైన్ల రహదారి మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. దాన్ని పాటించేవాళ్ళ డిస్కులు కూడా ఆ గాలికి పూర్తిగా చల్లబడి ఉంటాయి. అప్పుడు డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో ట్రాక్టరో, బైకో, బర్రెల మందో వస్తుంది. ఆ క్షణంలో పనిచేయాల్సింది 40 డిగ్రీల దగ్గరున్న ప్యాడ్. రేసు ప్యాడ్ ఇక్కడే చేతులెత్తేస్తుంది. అది వేడెక్కి పట్టు అందుకునే లోపల పోయే అర సెకను 100 వేగంలో 14 మీటర్లు. జనగామ మీదుగా సూర్యాపేట, సిద్దిపేటల వైపు పోయే 365బీ మీదా ఇదే కథ.

మహబూబాబాద్‌ది తడి, నెమ్మది సమస్య. తొర్రూరు, మరిపెడ మీదుగా పోయే 563ని వదిలి కేసముద్రం, గూడూరు వైపు తిరిగితే రోడ్డు సన్నబడుతుంది. కోతల కాలంలో సగం రోడ్డు వడ్ల కల్లమవుతుంది. ఇక్కడ వేగం తక్కువ, బ్రేకులు ఎక్కువ, ప్యాడ్ ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటుంది. వానాకాలంలో లో-లెవల్ కాజ్‌వేల మీద నీళ్ళు పారతాయి. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు, మున్నేరు పొంగినప్పుడు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అలాంటి నీళ్ళలోకి ఏ కారూ దిగకూడదు. కాజ్‌వే మీద కొద్దిపాటి నీళ్ళు దాటివచ్చినా, ఆ తరువాతి మొదటి బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. ఒడ్డు ఎక్కగానే వెనక ఎవరూ లేరని చూసుకుని, నెమ్మదిగా పోతూ పెడల్‌ను తేలిగ్గా రెండు మూడుసార్లు నొక్కి ఆరబెట్టడం ఏ ఖరీదైన ప్యాడ్ కన్నా మేలు. బండిని రెండు వారాలు తియ్యకుండా ఉంచితే డిస్క్ మీద పట్టే తుప్పును గీకేయడానికి ఇక్కడ లో-మెటాలిక్ జాతి కాస్త నయం.

భూపాలపల్లిది దుమ్ము సమస్య, మూడింటిలో గడ్డుది ఇదే. సింగరేణి గనుల బొగ్గు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బూడిద, గోదావరి ఇసుక మోసే లారీలు. పరకాల నుంచి కాళేశ్వరం వైపు పోయే 353సీ మీద ఈ మూడూ ఎదురొస్తాయి. బొగ్గు పొడి మెత్తనిదే. ఇసుక రేణువు మాత్రం పోత ఇనుము కన్నా గట్టిది. ప్యాడ్‌లో ఒక్క రేణువు ఇరుక్కుంటే డిస్క్ మీద గ్రామఫోను రికార్డులా గీతలు పడతాయి.

ఈ ప్రాంతంలో తిరిగిన కారు ప్యాడ్‌ను విప్పితే కనిపించే దృశ్యం ఒకేలా ఉంటుంది. లోపలివైపు ప్యాడ్ మూడు మిల్లీమీటర్లకు వచ్చి ఉంటుంది, బయటిది ఇంకా ఏడు ఉంటుంది. మీది అంచు గాజులా మెరుస్తుంది, కింది అంచు మాసి ఉంటుంది. యజమాని "ప్యాడ్ క్వాలిటీ లేదు, ఇరవై వేలకే పోయింది" అంటాడు. క్యాలిపర్ జారే పిన్నులను చేత్తో తిప్పి చూస్తే తిరగవు. రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు బదులు నల్లటి ముద్ద చేరి ఉంటుంది. క్యాలిపర్ జారనప్పుడు పిస్టన్ వైపున్న ప్యాడ్ ఒక్కటే పనంతా చేస్తుంది. ఇది ప్యాడ్ తప్పు కాదు. ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా అదే గతి. ఇక్కడ తిరిగే కారుకు ప్రతి 5,000 కిలోమీటర్లకు పిన్నులు విప్పి, శుభ్రంచేసి, బ్రేకులకని వచ్చే సిలికాన్ గ్రీజు పెట్టించాలి. బేరింగ్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్ళీ బిగుసుకుంటుంది. అందం కోసం రంధ్రాలు వేసిన డిస్కులు ఈ రోడ్ల మీద దండగ, రంధ్రాలన్నీ ముద్దతో పూడుకుపోతాయి.

ప్యాడ్ మీద పడే నిందలు

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. డిస్క్ వంగిందంటారు, లేత్ పట్టిస్తారు. చాలాసార్లు డిస్క్ వంగలేదు, దాని మీద ప్యాడ్ పొర ఎక్కువ తక్కువలుగా అంటుకుంది. కొత్త ప్యాడ్లు వేసిన రోజే గట్టిగా బ్రేకులు కొట్టి, వేడి డిస్క్‌ను సిగ్నల్ దగ్గర అలాగే నొక్కిపట్టి ఉంచితే జరిగేది ఇదే. ప్యాడ్ పదార్థం పలుచటి పొరగా డిస్క్ అంతటా సమానంగా పరుచుకున్నప్పుడే అసలు పట్టు వస్తుంది. అందుకని ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి మధ్యరకం బ్రేకులు పదిసార్లు వేసి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లబరుస్తూ పోవాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మర్యాదగా నడపాలి. కొన్ని షెడ్లలో కొత్త ప్యాడ్‌ను సిమెంటు గచ్చు మీద రుద్ది బిగిస్తారు. దానివల్ల ముఖం వంకరపోవడం తప్ప లాభం లేదు. లేత్ పట్టించేటప్పుడు డిస్క్ మీద చెక్కి ఉన్న కనీస మందం దాటకుండా చూసుకోవాలి.

పెడల్ మెత్తగా దిగుతోందంటే అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కు ఆ రెండూ 260, 180. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చడం కొన్ని వందల పని. అది చేయకుండా రేసు ప్యాడ్లు కొంటే ప్యాడ్ తట్టుకున్న వేడికి ఆయిల్ మరిగిపోతుంది.

బిగించే రోజు జాగ్రత్తలు రెండు. డిస్క్ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి, తడిబట్టో, బ్రేక్ క్లీనర్ స్ప్రేనో వాడించండి. ఆ దుమ్ములో ఏముందో ఎవరికీ తెలియదు, దాన్ని రోజంతా పీల్చేది షెడ్డులో పనిచేసే పిల్లవాడు. రెండోది, పిస్టన్‌ను వెనక్కి నొక్కి ప్యాడ్లు వేశాక బండి కదిలించే ముందే పెడల్‌ను గట్టిపడేదాకా పంపు చేయాలి. మరిచిపోతే మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది.

రేసు ప్యాడ్‌కు చోటెక్కడ?

అది పనికిరాని సరుకు కాదు, దాని చోటు వేరు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీదికి కారు తీసుకెళ్ళేవాళ్ళు మన ప్రాంతాల నుంచీ ఉన్నారు. 3.7 కిలోమీటర్ల ఆ చుట్టులో నాలుగో రౌండుకే కంపెనీ ప్యాడ్ పొగలు కక్కవచ్చు. అక్కడికి రెండో సెట్టు పట్టుకెళ్ళి, అక్కడే మార్చుకుని, తిరుగు ప్రయాణానికి మళ్ళీ పాతవి వేసుకోవడం పద్ధతి.

ఘాట్ రోడ్లు వేరే సంగతి. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యాం వైపు దిగేటప్పుడు, తిరుమల నుంచి కిందికి వచ్చేటప్పుడు బ్రేకులు వేడెక్కేది కారు వేగం వల్ల కాదు, కాలు తీయకుండా నొక్కి ఉంచడం వల్ల. తిరుమలలో దిగే కార్లకు కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన అందుకే సబబు. దీనికి మందు రెండో గేరు, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్. ప్యాడ్ కాదు.

ప్రపంచ స్థాయి రేసు కార్లు మన రాష్ట్రంలో బ్రేకులు వేసింది 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసులో. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రేసులోని జెన్ 3 కార్లలో వెనక చక్రాల వేగాన్ని తగ్గించింది డిస్కులు కాదు, మోటార్లే. ఆ శక్తి తిరిగి బ్యాటరీలోకి పోయింది. ఇప్పుడు రోడ్డు మీదికి వస్తున్న ఎలక్ట్రిక్ కార్లదీ అదే దారి. వాటి ప్యాడ్లు పెద్దగా వేడెక్కవు, తొందరగా అరగవు, వాడకం లేక డిస్కులు తుప్పు పడతాయి. చల్లటి బ్రేక్ ప్రశ్న రాబోయే రోజుల్లో ఇంకా పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

తేలిందేమిటి?

ఖర్చు పెట్టే వరుస ఇలా ఉండాలి. మొదట టైర్లు. తరువాత బ్రేక్ ఆయిల్. ఆ తరువాత క్యాలిపర్ పిన్నులు, డిస్క్ మందం. చివర ప్యాడ్లు. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్లకు రాకముందే, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ కలిపి మార్చాలి.

ఇంజన్‌ను ముట్టుకోని కారుకు, అది 150 హార్స్‌పవర్‌దైనా 200దైనా, కంపెనీ మిశ్రమం ఉన్న ప్యాడే సరైనది. షోరూంలో కొన్నా, నంబరు పోల్చుకుని బయట కొన్నా ఒకటే. శక్తి పెంచుకున్న కారుకు, నిండా మనుషులతో 163 మీద రోజూ తిరిగే బరువైన ఎస్‌యూవీకి ఆర్ 90 గుర్తున్న ఫాస్ట్ రోడ్ ప్యాడ్లు, నాలుగు చక్రాలకూ ఒకే కుటుంబానివి. వెనక డ్రమ్ములుంటే కంపెనీ ప్యాడ్ల దగ్గరే ఆగడం మంచిది. భూపాలపల్లి వైపు ఎక్కువ తిరిగేవాళ్ళు ప్యాడ్ ధరలో సగం పిన్నుల శుభ్రతకు కేటాయించుకోవాలి. రేసు ప్యాడ్ ట్రాక్‌కు మాత్రమే.

కొత్త ప్యాడ్లు వేసి, పొర కూర్చుకున్నాక మర్నాడు పొద్దున ఒక పరీక్ష చేయండి. రాత్రంతా చల్లబడ్డ కారును ఖాళీ రోడ్డు మీదికి తీసి, 40 వేగంలో మొదటి బ్రేక్ గట్టిగా వేయండి. పాత ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పటి పట్టు అందులో లేకపోతే, డబ్బా మీద ఏ పేరున్నా, ఎంత ధర పెట్టినా, ఆ ప్యాడ్లు వెనక్కి ఇచ్చేయాల్సినవే.